పెరటాసిలో తలల లెక్క

మా అత్త నడిపే సత్రాన్ని పడగొట్టి లాడ్జి కడతామని దొరస్వామి మామ వచ్చి చెప్పేనాటికి నేను తిరుపతిలో ప్రజాపాలన ఎం.ఏ. రెండో ఏడాది చదువుతున్నాను. ఊళ్లు ఎట్లా పెరగాలి, ప్రభుత్వం ఏ పని ఎందుకు చెయ్యాలి, ధర్మసంస్థల్ని ఎట్లా నడపాలి అని మూడు పేపర్లు చదివి, మూడింట్లోనూ క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నదాన్ని. కాబట్టి లోకంలో నాకు తెలియనిదంటూ లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా వదల్లేదని మా ఇంట్లోవాళ్లు అంటుంటారు.

అది ఎనభై రెండు, అరవవాళ్ల లెక్కలో పెరటాసి నెల. ఆ నెల శనివారాలు వచ్చాయంటే తిరుపతి మన చేతిలో ఉండదు. అరవదేశం నుంచి పసుపు బట్టలు కట్టుకున్న జనం రైళ్లలో, బస్సుల్లో వచ్చి దిగుతూనే ఉంటారు. నగరి వైపు నుంచి గోవిందలు చెప్పుకుంటూ నడిచి వచ్చేవాళ్లు వేరే. రైల్వే స్టేషన్‌కు నాలుగు వీధుల అవతల ఉన్న మా సత్రంలో అప్పుడు కాలు పెట్టడానికి సందు దొరకదు.

మా సత్రం అన్నానే గానీ అది మా సొంతం కాదు. చిత్తూరు, పుత్తూరు, నగరిల్లో అంగళ్లు పెట్టుకున్న మావాళ్ల సంఘానిది. దాన్ని నడిపేది మా మేనత్త వరదమ్మ. ఆమె భర్త చనిపోయిన ఏడాదే సంఘంవాళ్లు ఆమెను తెచ్చి ఇక్కడ పెట్టారు. వెనక ఉన్న రెండు గదులే ఆమెకు ఇల్లు. చదువుకోసం నగరి నుంచి వచ్చి రెండో గదిలో చేరినదాన్ని నేను. సత్రం పోతే అత్తకు ఇల్లూ పోతుంది, పనీ పోతుంది. నగరికి వచ్చి మా నాయన దగ్గర ఉండమంటే ఉండొచ్చు, మా ఇంట్లో కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ వేళకు వందమందికి ఆకులు వేసే మనిషి, తమ్ముడి ఇంట్లో మూలన కూర్చుని ఎవరో వడ్డిస్తే తింటుందా?

దొరస్వామి మామ చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. చిత్తూరులో బట్టలంగడి ఆయనది, సంఘానికి అధ్యక్షుడు. తిన్నె మీద కూర్చుని, అత్త ఇచ్చిన కాఫీ చల్లార్చుకుంటూ, మెల్లగానే మొదలుపెట్టాడు.

"సూడు వరదమ్మా, నిన్ను యెళ్లగొట్టాలని నేను రాలేదు. ఈ కాలంలో సత్రాలకు ఎవరొస్తా ఉండారు చెప్పు? కొండమింద కాటేజీలు లేచినాయి. స్టేషన్ ఎదురుగ్గా లాడ్జీలు లేచినాయి. మనది పడగొట్టి మూడంతస్తులు కడితే సంఘానికి రాబడి వస్తాది. ఆ రాబడితో చిత్తూర్లో మన ఆడబిడ్డలకు హాస్టలు పెడదామని నా ఆశ. పంకజాక్షి మాదిరి ఇంకో పదిమంది చదువుకోవద్దా?"

నా పేరు మధ్యలోకి లాగేసరికి నేను అత్త వైపు చూశాను. అత్త వెంటనే అందుకుంది.

"ఎవరొస్తా ఉండారో ఈ శనివారం వచ్చి నీ కండ్లతో సూసిపో అన్నా."

"కండ్లతో సూస్తే సరిపోతాదా? మీటింగులో నలుగురికి చెప్పాల గదా. లెక్క ఉండాదా నీ దగ్గర?"

లెక్క లేదు. ఈ సత్రం కట్టించినామె, చంద్రకాంతమ్మ అని, ఎప్పుడో పోయింది. గడప దాటి వచ్చినవాళ్లను పేరు, ఊరు, కులం అడగకూడదని, తిన్నారా అని మాత్రమే అడగాలని ఆమె కట్టడి పెట్టింది. అందుకని మా సత్రంలో వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం ఏనాడూ లేదు.

"లెక్క నేను తీస్తా మామా," అన్నాను.

దొరస్వామి మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "తియ్యి పాపా. సదువుకున్న పిల్లవు. పెరటాసి ఆఖరి శనివారం దాటినాక, ఆ పై వారం ఆదివారం ఈడనే మీటింగు పెడతా. ఒక శని ఆదివారాలకు అయిదొందల మంది వస్తా ఉండారని నువ్వు తేలిస్తే నేను మళ్లా లాడ్జి మాటెత్తను. తేలకపోతే మీ అత్త గూడా మారుమాట చెప్పకూడదు."

"సరే," అంది అత్త, నన్ను అడక్కుండానే.

మాకు పట్టణ ప్రణాళిక చెప్పే సుబ్రమణ్యం సారు ఈ సంగతి విని తెగ సంబరపడ్డారు. ఆయనది కోస్తా, మాట నున్నగా ఉంటుంది. నా ప్రాజెక్టు పనిగా దీన్నే రాయమన్నారు. "చూడమ్మా, జనం మీద జాలి ఉంటే సరిపోదు. ఎంతమంది, ఎటునుంచి వస్తున్నారు, ఎటు పోతున్నారు, అది తెలియాలి. ఊరికి ప్లాను గీయడమంటే అంతే. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకుండా మాత్రం జాగ్రత్త పడు."

"అది నాకు వదిలెయ్యండి సార్," అన్నాను.

నేను పన్నిన ఉపాయం ఇదీ. శని, ఆదివారాలు తెల్లారినప్పటినుంచి దీపాలు పెట్టేదాకా వాకిట్లో తిన్నె మీద కూర్చుంటాను. గడప దాటినవాళ్లకు మనిషికొక గీత. పేరు అడగరాదు కాబట్టి, గీత పక్కన ఆ మనిషి ఆనవాలు ఒక ముక్క రాస్తాను. మెలితిప్పిన మీసాలు. మోకాళ్లదాకా జడ. రింగుల జుట్టు పిల్ల. నెరిసిన గడ్డం తాత. కాఫీకని బయటికి పోయి మళ్లీ వచ్చినా పోల్చుకుని, రెండో గీత గీయకుండా ఆగిపోవచ్చు. ఇంత తెలివి నాకు ఎట్లా వచ్చిందా అని నాకే ముచ్చటేసింది.

మొదటి వారమే ఆరువందలు దాటింది. రెండో వారం ఇంకా పైకి పోయింది. అత్త నమ్మలేదు, మళ్లీ చదవమంది. చదివాను. "నేను వండతా ఉండేది ఇంతమందికా!" అని చెంగుతో మొహం తుడుచుకుని, ఆ పూట నాకు రెండు గరిటెల నెయ్యి వేసింది. వంటకు సాయం వచ్చే దేవకమ్మ దగ్గర, కూరలమ్మే మునెయ్య దగ్గర, ఆఖరికి దారిన పోయే రిక్షావాళ్ల దగ్గర కూడా నా లెక్క గురించి చెప్పుకుంది. "మా పంకజం చేతిలో ఉండాది ఇంక. దొరస్వామన్న పప్పులుడకవు," అనేది. ఇంటిపనిలో నన్ను ఎప్పుడూ ఒక మాటకు నాలుగు మాటలు అనే అత్త, ఆ నెలంతా నేను లేచేసరికి బొగ్గుల కుంపటి మీద నీళ్లు కాచి పెట్టేది. నేను కూడా మీటింగులో ఎట్లా నిలబడాలి, ఏ చీర కట్టాలి అని ఆలోచించుకోవడం మొదలుపెట్టాను.

ఆఖరి ఆదివారం మధ్యాహ్నం, గంధం పూసిన గుండుతో ఒకామె వాకిట్లోకి వచ్చింది. పక్కన అట్లాగే గుండుతో ఒక పాప. నేను అలవాటుగా కాగితం మీదికి వంగాను.

"కాళ్లు కడుక్కుని రండమ్మా, అన్నం అయింది," అన్నాను.

"అన్నం తర్వాత తింటాంలే పాపా. ముందు మా మూట ఇచ్చేయి, బిడ్డకు గుడ్డలు మార్చాల."

"ఏ మూట?"

ఆమె నవ్వింది. "బలేదానివే! నిన్న పొద్దున నువ్వే గదా నా జడ పట్టుకుని సూసి, ఇంత జుట్టు ఎట్లా ఇస్తావక్కా అని అడిగితివి. మూట ఆ గదిలో పెట్టుకోమని గూడా నువ్వే చెప్తివి."

ఆమె గొంతు నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. మొహం మాత్రం ఎంత చూసినా రాలేదు. కాగితం వెనక్కి తిప్పాను. నిన్నటి గీతల్లో ఉంది: మోకాళ్లదాకా జడ. దాని కింద: రింగుల జుట్టు పిల్ల. ఈ రోజు గీతల్లో అప్పుడే సగం రాశాను: గుండు, గంధం.

తిరుపతిలో కూర్చుని మనుషుల్ని జుట్టుతో గుర్తు పెట్టుకున్నదాన్ని లోకం మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మీసాలు, గడ్డాలు, జడలు, రింగులు అన్నీ కొండమీద ఇచ్చేసి, మళ్లీ మా గడపకే వచ్చిన వాళ్లందరినీ కొత్తవాళ్లని గీసుకుంటూ పోయాను. ఆ సాయంత్రం దాకా వచ్చిన ప్రతి గుండునూ అడిగాను, పైకి పోయేటప్పుడు ఇక్కడ దిగారా అని. ఒకరిద్దరు తప్ప అందరూ దిగామన్నవాళ్లే. నా కాగితాలన్నీ ముందేసుకుని గుండు అని రాసిన గీతలన్నీ కొట్టేస్తూ వచ్చాను. ఏ వారం చూసినా మూడువందల యాభై దాటలేదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అత్త వంటింట్లో బూడిదగుమ్మడికాయ తరుగుతోంది. చెప్పాను. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

"ఈ సంగతి ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు గదా అత్తా."

"నీకు తెలిస్తే నీ కడుపులోనే పెట్టుకో. దొరస్వామన్న వచ్చి గుండ్లు లెక్కపెట్టినాడా? ఆరొందలు అన్నావు. ఆరొందలే."

"సారుకు ఇదే రాసివ్వాల. తప్పని తెలిసినాక ఎట్లా రాసేది?"

"తప్పెట్లయితాది?" అత్త గొంతు పెరిగింది. "పోయేటప్పుడు ఒక ఆకు వేసినా, వచ్చినాక ఇంకో ఆకు వేసినా. రెండు ఆకులకూ బువ్వ వండింది నేను గాదా? నా చేతులకు వాళ్లు ఇద్దరే. నువ్వేందే ఒకరంటావు?"

నేను కాగితాలు మడిచి పట్టుకున్నాను.

"నిన్ను సదివించమని మీ నాయనతో పోట్లాడిందాన్ని నేను. ఆ సదువు నా నెత్తిమింద రాయి మాదిరి పడిందే," అని ఏడ్చింది అత్త. ఆమె ఏడవడం నేను మామ పోయినప్పుడు చూశాను, మళ్లీ అదే. నాకు ఎంత బాధేసిందంటే, ఆ క్షణంలో ఆరువందలే చెప్పేస్తానని ఒట్టు పెట్టబోయి, ఆగిపోయాను.

ఆ వారమంతా అత్త నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పళ్లెం చప్పుడయ్యేట్టు పెట్టేది. నాకు మాత్రం ఆమె అన్న రెండు ఆకుల మాట బుర్రలోంచి పోలేదు. నిజమే, ఒకే మనిషి రెండుసార్లు వచ్చాడు. ఎందుకు వచ్చాడు? సుబ్రమణ్యం సారును అడిగి ఒక పెద్ద చార్టు కాగితం, రంగు పెన్సిళ్లు తెచ్చుకున్నాను. తిరుపతి వీధులన్నీ గీశాను. స్టేషన్, బస్టాండు, కొండకు పోయే దారి, మా సత్రం. పైకి పోయే జనానికి పసుపు గీత, దిగి వచ్చే జనానికి ఎర్ర గీత. చూస్తే, కొండ బస్సు దిగినవాళ్లకు మా సత్రం దారిలోనే లేదు. మూటలు పెట్టుకున్నవాళ్లు వచ్చారంటే అర్థముంది. చేతిసంచి తప్ప ఏమీ లేనివాళ్లు కూడా అంత దూరం చుట్టు తిరిగి వచ్చారు. ఎందుకో తెలియకపోయినా, ఆ ఎర్ర గీతను చూస్తుంటే నాకు ధైర్యం వచ్చింది. తెల్లారేసరికి ఏం చెప్పాలో నిశ్చయించుకున్నాను.

మీటింగుకు ముప్పై మంది దాకా వచ్చారు. అందరూ మగవాళ్లే. హాల్లో జంఖానాలు పరిచి కూర్చున్నారు. అత్త, దేవకమ్మ వంటింటి వాకిలి దగ్గర కాఫీ చెంబులతో నిలబడ్డారు. సంఘం మీటింగుల్లో వంటింటివాళ్లు కాఫీ ఇవ్వడమే గానీ మాట్లాడే అలవాటు లేదు.

"చెప్పు పాపా, ఎంతమంది?" అన్నాడు దొరస్వామి మామ.

"నేను ముందు ఆరొందలకు పైన అనుకున్నా మామా. అది తప్పు. మూడొందల యాభై లోపల," అని, ఆ తప్పు ఎట్లా జరిగిందో దాచకుండా చెప్పాను. జడల సంగతి, గుండ్ల సంగతి చెప్పేసరికి హాలంతా ఒకటే నవ్వు. పుత్తూరు నుంచి వచ్చిన ఏకాంబరం తాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "బలే తీసినావే లెక్క!" అన్నాడు. వంటింటి వాకిలి వైపు చూడటానికి నాకు చేత కాలేదు.

దొరస్వామి మామ నవ్వలేదు. "అయిదొందలు తేలలేదు గదా పాపా. మాట మాటే," అన్నాడు, కొంచెం బాధగానే.

"మాట మాటే మామా. నా లెక్క తక్కువే. కానీ ఇది గూడా సూడండి," అని చార్టు విప్పి గోడకు పట్టుకున్నాను. ఏకాంబరం తాత లేచి రెండో కొస పట్టుకున్నాడు. "ఈ ఊర్లో ఏ లాడ్జిలోనైనా ఒకసారి దిగినోళ్లు, గది ఖాళీ చేసినాక మళ్లా వచ్చి ఓనర్ని పలకరిస్తారా? కొండ దిగినోళ్లకు మనది దారి గాదు. బస్టాండు ఆ పక్క, స్టేషను ఈ పక్క. ఇంత చుట్టు తిరిగి వస్తా ఉండారు, దాదాపు అందరూ. జనం ఒకసారి వచ్చే చోటు వేరు, తిరిగొచ్చే చోటు వేరు. నేను సదివిన పుస్తకాల్లో ఎక్కువ తలలు కావాలనే ఉండాది. తిరిగొచ్చే తలలు ఎన్నో అడిగే పుస్తకం నాకు కనపడలేదు."

"అంత చుట్టు తిరిగి ఎందుకొస్తారు?" అన్నాడు దొరస్వామి మామ. అడ్డు చెప్పాలని కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

ఇన్ని గీతలు గీశాను గానీ, ఆ ఒక్క ప్రశ్న ఏ గుండునూ అడగలేదు.

"చెప్పి పోదామని వస్తారన్నా," అంది అత్త.

అందరూ వాకిలి వైపు తిరిగారు. అత్త చెంబు దేవకమ్మ చేతికిచ్చి రెండడుగులు హాల్లోకి వచ్చింది.

"ఈడ తిని, ఈడ పడుకుని పోయినారు. దర్శనం అయింది, పోయొస్తామమ్మా అని ఎవరితోనన్నా చెప్పాల గదా. కొండమింద ఎవురున్నారు వాళ్లకు చెప్పేదానికి? ఆ లడ్డు ఇంత తుంచి నా చేతిలో పెట్టి, పోయొస్తామంటారు. మంచిది, పోయి రండి అంటాను. అంతే. దానికోసరమే వస్తారు. ఆ మాట చెప్పేదానికి ఒక మనిషి ఉండాల గదన్నా, ఊర్లో."

దొరస్వామి మామ చార్టు దగ్గరికి వచ్చి, ఎర్ర గీత మీద వేలు పెట్టి స్టేషన్ దాకా లాక్కుంటూ పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

"మన సత్రం బావి వెనకాల ఉండే ఖాళీ తావు ఎంతుండాది ఏకాంబరం మామా?" అన్నాడు.

"లాడ్జి పట్టేంత ఉండాది."

"మూటల గది ఇంకొంచెం పెద్దది చెయ్యాల. వానొస్తే తడస్తాదేమో గూడా," అని కూర్చుని, కాఫీ అడిగాడు. ఆ రోజు మీటింగులో సత్రం గురించి అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. లాడ్జి బావి వెనక కట్టాలని, హాస్టలు చిత్తూర్లో పెట్టాలని రాసుకుని సంతకాలు చేశారు. నా చార్టు దొరస్వామి మామ చుట్టి చంకలో పెట్టుకుని పోయాడు. సారుకు చూపించడానికి నేను ఇంకోటి గీసుకోవాల్సి వచ్చింది. అయినా ఆ వేళ నా కాళ్లు నేల మీద లేవు.

మరుసటి గురువారం ఉదయం అత్త తలకు పోసుకుని, జరీ అంచు చీర కట్టుకుని నా ముందు నిలబడింది. మూటల గది తాళంచెవులు ఏనాడూ దేవకమ్మ చేతికి కూడా ఇచ్చేది కాదు. ఆ గుత్తి నా ఒళ్లో వేసింది.

"కొండకు పోతా ఉండా. రేపొస్తా. చారులో ఉప్పు తక్కువెయ్యి, నీది ఎప్పుడూ జాస్తి."

"నా మింద అలిగి పోతా ఉండావా అత్తా?"

"అలిగితే కొండకెందుకు పోతానే, మీ నాయన దగ్గరికి పోతా." గడప దాకా పోయి ఆగింది. "కోపం మాత్రం ఉండాది. అంతమంది ముందర తక్కువ చెప్పి, నా గుండె జారగొట్టినావు. ఆ పొద్దు నువ్వు ఆరొందలే అని ఉంటే, సత్రం నిలిచేది, నేనూ ఈడనే ఉండేదాన్ని. కానీ ఇట్లా తలకు పోసుకుని కొండకు పోగలిగేదాన్ని కాదు. అది మటుకు నిజం."

వెనక్కి చూడకుండా వీధిలోకి దిగింది. ఆమె మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకున్నాను. అది నేను అనుకున్న దానికంటే బరువుగా ఉంది. అప్పటికే వాకిట్లో ఒక ముసలాయన, ఆయన భార్య, పసుపు నీళ్లలో ముంచిన బట్టలతో నిలబడి ఉన్నారు.

"తిన్నారా?" అని అడిగాను.